ఆరేదాకా ఆగండి: సెరామిక్స్ వర్క్‌షాప్‌లు పెట్టించేవారికి బహిరంగ లేఖ

బడుల తరఫున, క్లబ్బుల తరఫున, ఆఫీసుల తరఫున పిల్లలకూ పెద్దలకూ మట్టిపని వర్క్‌షాప్‌లు ఏర్పాటు చేసే అందరికీ,

నమస్కారం.

మీలో చాలామందితో ఫోన్లో మాట్లాడాను. గొంతులు వేరు గానీ కోరిక మాత్రం అచ్చుగుద్దినట్టు ఒకటే. "రెండు గంటలే టైముందండీ. నలభై మంది పిల్లలు. కుమ్మరి సారె తప్పకుండా ఉండాలి, వాళ్లకి అదే సరదా. ఎవరు చేసిన కప్పు వాళ్లు సాయంత్రం ఇంటికి పట్టుకెళ్లాలి. కాస్త రంగులు కూడా వేయించేస్తే ఫోటోలు బాగా వస్తాయి." ఏళ్ల తరబడి దీనికి నేను "అలాగేనండీ" అంటూ వచ్చాను. మీకు ఈ పని తెలియదు కాబట్టి అడిగారు. తెలిసి కూడా ఒప్పుకున్నాను కాబట్టి తప్పులో పెద్ద వాటా నాదే.

ఇకమీదట అలాగేనండీ అనలేను. ఎందుకు అనలేనో ఫోన్లో చెప్పబోతే అటు మీకు మీటింగ్ ఉంటుంది, ఇటు నా చేతులు మట్టిలో ఉంటాయి. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు ఒక ఏనుగు సంగతి చెప్పాలి.

కొన్నేళ్ల క్రితం ఒక బడిలో గురువారం నాడు పిల్లలతో జంతువుల బొమ్మలు చేయించాను. సోమవారం వాళ్ల ప్రదర్శన. ఆ పొద్దుటికల్లా బొమ్మలు కాల్చి తెచ్చి బల్లల మీద సర్దాలన్నారు. మొత్తం 38 బొమ్మలు. శనివారం సాయంత్రానికి పైకి అన్నీ ఎండినట్టే కనిపించాయి. ఎండిందో లేదో చూడటానికి మేం బొమ్మను చెంపకు ఆనించుకుంటాం. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. ఆ తడి ఆవిరవుతూ వేడిని లాగేసుకుంటుంది కాబట్టి ఆ చల్లదనం. ఆ సాయంత్రం ఏడెనిమిది బొమ్మలు చెంపకు చల్లగానే తగిలాయి. వాటిలో ఒకటి ఏనుగు. పిడికిలంత పొట్ట, లోపల గుల్ల చేయని నిండు ముద్ద. తెలిసీ కిల్న్‌లో, అంటే మట్టిని కాల్చే కొలిమిలో పెట్టాను. రాత్రంతా సన్నసెగ మీద ఉంచితే ఆరిపోతుందిలే అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఆదివారం పొద్దున వేడి పెంచిన కాసేపటికి లోపల 'టప్' మని ఒక చప్పుడు. ఆ వెంటనే వడగళ్లు పడ్డట్టు చిటపటలు.

సోమవారం తలుపు తీస్తే ఏనుగు లేదు. ఏనుగు ఉన్నచోట గుప్పెడు కంకర ఉంది. పోతూ పోతూ పక్కనున్న తాబేలు మెడ విరగ్గొట్టింది, వెనకున్న పిట్ట ముక్కు చెక్కేసింది.

ఇలా పేలితే చాలామంది మట్టిలో గాలిబుడగ ఉండిపోయిందంటారు. గాలిబుడగకు ఆ పాపం అంటగట్టడం అన్యాయం. చుట్టూ ఉన్న మట్టి పూర్తిగా ఎండితే ఎంత బుడగ ఉన్నా బొమ్మ క్షేమంగానే బయటికొస్తుంది. పేల్చేది నీరు. 100 డిగ్రీల దగ్గర నీరు ఆవిరైతే దాదాపు 1600 రెట్లు జాగా కావాలంటుంది. పలచని గోడైతే మట్టిలోని సన్నని సందుల్లోంచి ఆ ఆవిరి మెల్లగా బయటపడుతుంది. పిడికిలంత ముద్ద నడిమధ్య చిక్కుకున్న నీటికి అంత తొందరగా దారి దొరకదు. గోడ బద్దలు కొట్టుకుని వస్తుంది.

పిల్లలకు దాచకుండా చెప్పాను. ఏనుగు చేసిన అబ్బాయి కాసేపు ఆలోచించి, "నా ఏనుగు లోపల నీళ్లున్నాయా?" అన్నాడు. ఉన్నాయన్నాను. "నేను పోయలేదే!" అన్నాడు. వాడికి ఏడుపు రాలేదు. పేలడం అనే సంగతే బోలెడు గొప్పగా అనిపించినట్టుంది. ఏడ్చింది తాబేలు చేసిన అమ్మాయి. "నాది ఎండిందిగా టీచర్?" అని ఒక్కటే అడిగింది. ఎండింది. పలచగా, చక్కగా చేసింది. తన పని తాను సరిగ్గా చేసిన పిల్లకు నేను చెప్పగలిగిన జవాబేమీ లేదు. సోమవారం ప్రదర్శన ఉంది కాబట్టి అని ఏడేళ్ల పిల్లకు ఎలా చెప్పను?

ఇంతకీ ఎన్ని రోజులు కావాలంటారా? పెన్సిల్ మందం గోడ ఉన్న గిన్నె నెమ్మదిగా ఆరడానికి ఒక వారం. ముసురు పట్టిన రోజులైతే ఇంకో నాలుగైదు రోజులు. "ఫ్యాన్ కింద పెట్టేద్దామండీ" అని మీలో చాలామంది సలహా ఇచ్చారు. కప్పుకు చెవి ఉంటుంది కదా, అది సన్నం కాబట్టి ఫ్యాన్ గాలికి ముందు ఆరుతుంది. ఆరిన మట్టి కుంచించుకుపోతుంది. కప్పు ఇంకా తడిగా, పెద్దదిగానే ఉంటుంది. ఆ లాగులాటలో అతుకు దగ్గర చీలుతుంది. అందుకే మొదటి రెండు రోజులు ప్లాస్టిక్ కవర్ కప్పి ఉంచుతాం, ఎండబెట్టడానికి కాదు, తొందరగా ఎండకుండా ఆపడానికి. తర్వాత మొదటి కాల్పు, సుమారు 1000 డిగ్రీల దాకా. 450 నుంచి 600 డిగ్రీల మధ్య, మట్టి రేణువుల్లోనే రసాయనికంగా కట్టుబడి ఉన్న నీరు కూడా వదిలిపోతుంది. అది పోయాక మళ్లీ ఎంత నానబెట్టినా మెత్తని మట్టి కాదు. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ అనే ఖనిజం ఉన్నట్టుండి సైజు మారుతుంది కాబట్టి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అక్కడ మెల్లగా పోవాలి. వేడెక్కడానికి పది పన్నెండు గంటలు, చల్లారడానికి అంతకంటే ఎక్కువే. ఆ తర్వాత గ్లేజ్ అనే పూత పూసి రెండో కాల్పు. కాలాక రాయిలా గట్టిపడే స్టోన్‌వేర్ మట్టి అయితే 1200 డిగ్రీలు దాటాలి. ఎంత పిసినారిగా లెక్కేసినా, పిల్లవాడి చేయి వదిలిన మట్టి కప్పుగా వాడి చేతికి తిరిగి రావడానికి మూడు వారాలు.

ఈ మూడు వారాలను మీరు నా ఇబ్బందిగా చూస్తున్నారు. నాకు మాత్రం నేర్పాల్సిన పాఠంలో సగం అక్కడే ఉంది.

"ఆరోజే ఇచ్చేసే వర్క్‌షాప్‌లు ఉన్నాయి కదా" అంటారు. ఉన్నాయి. కాల్చక్కర్లేని, గాలికే గట్టిపడే మట్టితో చేయించి, పైన యాక్రిలిక్ రంగులేసి పంపుతారు. బొమ్మలకు, వేలాడదీసే బిళ్లలకు అది చక్కగా సరిపోతుంది, నేనూ వాడతాను. కానీ దాన్ని కప్పు అనకండి. అందులో నీళ్లు పోస్తే మెత్తబడుతుంది. మామూలు మట్టినే కాల్చకుండా పచ్చిగా ఇచ్చి పంపేవాళ్లూ ఉన్నారు. అది వారం తిరిగేలోపు ఏ మూల తగిలో ముక్కలై చెత్తబుట్టలోకి పోతుంది. చేసినవాళ్లకు మాత్రం తమకే చేతకాలేదన్న గుర్తు మిగులుతుంది.

ఈ తేడా మాటల్లో చెబితే ఎవరికీ ఎక్కదు. అందుకని ప్రతి బ్యాచ్‌కీ మొదటి పది నిమిషాల్లో ఒకటి చూపిస్తాను. రెండు చిన్న గిన్నెలు, చూడ్డానికి ఒకే తీరు. ఒకటి బాగా ఎండిన పచ్చిది, రెండోది కాలినది. రెండింటినీ గాజు తొట్టిలో నీళ్లలోకి దింపుతాను. కాలిన గిన్నె నాలుగు బుడగలు వదిలి ఊరుకుంటుంది. పచ్చి గిన్నె ముందు బుసబుసమంటుంది, అంచునుంచి సన్నని పొరలు రాలడం మొదలవుతుంది, తర్వాత ఒక పక్క ఒరిగి, చూస్తుండగానే అడుగున మెత్తని కుప్పగా కూర్చుంటుంది. అప్పటిదాకా గోల చేస్తున్న పిల్లలంతా తొట్టి చుట్టూ తలకాయలు ఆనించి ఊపిరి బిగబట్టి చూస్తారు. పెద్దలూ అంతే, కాకపోతే ఫోన్ అడ్డం పెట్టుకుని చూస్తారు. ఆ కుప్పను తీసి, పిసికి, మళ్లీ గిన్నె చేయొచ్చని చెప్పగానే ఎవరో ఒకరు కాలినదాన్ని చూపించి, "మరి దాన్నో?" అని తప్పకుండా అడుగుతారు. దాన్ని ఇక మార్చలేం. ఏది కాల్చాలో ముందు మనమే తేల్చుకోవాలని ఆ పదినిమిషాల్లో అందరికీ అర్థమవుతుంది.

మీరు పట్టించుకోని సంగతి ఇంకొకటి ఇందులోనే ఉంది. చేసినవన్నీ కాల్చక్కర్లేదు. ఒక్కో పిల్లవాడు మూడు గిన్నెలు చేసి, ఒకటి ఉంచుకుని, రెండు తిరిగి బకెట్లో వేస్తే నాకు పండగ. వాటిని చూస్తూ "ఇదెందుకు వద్దు?" అని మాట్లాడుకునే అయిదు నిమిషాల్లో వాడు నేర్చుకునేది, నేను గంట చెప్పినా రాదు. చూసేవాళ్లకు మాత్రం పారేసిన రెండూ నష్టంలాగే కనిపిస్తాయి. "పాపం, కష్టపడి చేశాడు, అదీ కాల్చేయండి" అంటారు. పచ్చి మట్టి వృథా పోదండీ. నానబెట్టి, వడబోసి, ఆరబెట్టి, పిసికితే మళ్లీ కొత్తదే.

ఇక సారె సంగతి. దీని దగ్గరే మీకూ నాకూ ఎక్కువ పేచీ.

సారె తిరుగుతుంటే చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ లెక్క చూడండి. నలభై మంది పిల్లలు, మూడు సారెలు, రెండు గంటలు. మనిషికి తొమ్మిది నిమిషాలు. అందులో ఏప్రాన్ కట్టుకోవడం, స్టూలు ఎత్తు సరిచేయడం, చేతులు కడుక్కోవడం పోగా నాలుగైదు. మట్టిని సారె నడిమధ్య కదలకుండా నిలబెట్టడం ఒక్కటి పట్టుబడటానికే పెద్దవాళ్లకు వారాలు పడుతుంది. నాకు నెలలు పట్టింది. నాలుగు నిమిషాల్లో ఏం జరుగుతుందంటే, పిల్లవాడి చేతుల మీద నా చేతులు వేసి నేనే కప్పు లేపుతాను. ఫోటో బ్రహ్మాండంగా వస్తుంది. మిగతా ముప్పై ఏడుగురు వరసలో నిలబడి ఒకళ్లనొకళ్లు తోసుకుంటుంటారు.

పిల్లలకు ఇది తెలియదనుకోకండి. ఒకసారి కూతుర్ని తీసుకెళ్లడానికి వచ్చిన తల్లి కప్పు చూసి మురిసిపోతూ, "అబ్బ, నువ్వే చేశావా?" అంది. ఆ పిల్ల తడుముకోకుండా, "టీచర్ చేశారు. నేను పట్టుకున్నా" అంది. ఆ రోజు నుంచి పిల్లల చేతుల మీద చేతులు వేయడం మానేశాను. చూపించాలంటే నా ముద్ద నా దగ్గర ఉంటుంది, దాని మీదే చూపిస్తాను.

సారె లేకుండా ఏం చేయిస్తారని అడుగుతారు. అరచేతిలో ఇమిడే మట్టి ఉండ ఒకటి ఇస్తాను. ఎడమ అరచేతిలో పెట్టుకుని, కుడి బొటనవేలు నడిమధ్య దించాలి, అడుగున వేలి మందం మిగిలేదాకా. తర్వాత బొటనవేలు లోపల, నాలుగు వేళ్లు బయట పెట్టి, నొక్కుతూ తిప్పుతూ, నొక్కుతూ తిప్పుతూ కిందినుంచి పైకి రావాలి. అంతే. ఆరేళ్ల పిల్లకూ గిన్నె వస్తుంది, అరవై ఏళ్ల మనిషికీ వస్తుంది, ఇద్దరివీ ఒకేలా ఉండవు. అంచు మరీ పలచబడి విచ్చుకుపోతుంటే కాసేపు పక్కన పెట్టి కొంచెం గట్టిపడనివ్వాలి. అదే చేతితో మట్టి తాళ్లు చుట్టి పెద్ద కుండ కట్టొచ్చు, పలకలు పరిచి డబ్బా చేయొచ్చు. అతికించే చోట రెండు వైపులా గరుకుగా గీకి, పల్చగా కలిపిన మట్టి పూసి నొక్కాలి. ఉత్తినే అంటించిన చెవులు, తోకలు ఆరేటప్పుడే ఊడిపోతాయి. ఈ ఒక్క మాట మాత్రం నేను అరిగిపోయిన రికార్డులా చెబుతూనే ఉంటాను, అయినా ప్రతి బ్యాచ్‌లో మూడు తోకలు ఊడతాయి.

చేతితో నొక్కి చేసింది చిన్నపిల్లల పని అని ఎవరైనా పెదవి విరిస్తే వాళ్లకు చోజిరో అనే కుమ్మరి సంగతి చెబుతాను. 16వ శతాబ్దంలో జపాన్‌లోని క్యోటోలో ఆయన మొదలుపెట్టిన రాకు అనే రకం టీ గిన్నెలు సారె మీద లేపినవి కావు. చేతులతో నొక్కి, చెక్కి చేసినవి. పిల్లలకైతే ఇంకో కథ. 1925లో ఇప్పటి చెక్ దేశంలోని డోల్నీ వెస్టొనిట్సె అనే చోట తవ్వకాల్లో జానెడు కూడా లేని ఒక స్త్రీ బొమ్మ దొరికింది. పొడవు 11 సెంటీమీటర్లు, వయసు 25 వేల ఏళ్లకు పైమాటే, కాల్చిన మట్టితో చేసిన బొమ్మల్లో అంత పాతవి ఎక్కడోగానీ లేవు. దాని మీద ఒక వేలిముద్ర ఉంది. పరిశీలించినవాళ్లు అది 7 నుంచి 15 ఏళ్ల మధ్య వయసు పిల్లలదని తేల్చారు. బొమ్మ పచ్చిగా ఉన్నప్పుడు ఏదో చిన్న చేయి దాన్ని పట్టుకుందన్నమాట. ఈ మాట చెప్పాక పిల్లలు తమ గిన్నెల మీద వేలిముద్రలు స్పాంజితో తుడిచేయడం మానేస్తారు. కొందరు కావాలనే ఇంకో పది నొక్కుతారు. వద్దనను.

పెద్దల బ్యాచ్‌లు వేరే లోకం. ఆఫీసుల నుంచి నన్ను పిలిచేవాళ్లు "వాళ్లు పెద్దవాళ్లే కదండీ, తొందరగా పట్టేస్తారు" అంటారు. అక్కడే పొరబడుతున్నారు. పిల్లలు మట్టి అందగానే కొరికి చూద్దామా అన్నంత ఉత్సాహంగా మీద పడతారు. పెద్దలు ముద్దను ముందు పెట్టుకుని చేతులు ఒళ్లో పెట్టుకుంటారు. "నాకు డ్రాయింగ్ కూడా రాదండీ" అని ముందే ఒప్పుకోలు. తర్వాత పక్కవాళ్లది చూస్తారు, ఫోన్లో ఎవరో చేసిన పూలకుండీ చూస్తారు, టెన్షన్ పడతారు, టెన్షన్‌లో గట్టిగా నొక్కుతారు. పగులు కనిపించగానే నీళ్లు పూస్తారు. నీళ్లు ఎక్కువైన మట్టి నీరసపడి కూలుతుంది. కూలగానే ఇంకొన్ని నీళ్లు. అందుకని పెద్దల బల్లల మీద నీళ్ల గిన్నె పెట్టడమే మానేశాను. తడి స్పాంజి ఒకటి ఇస్తాను, వేలు దానికి అద్దుకుంటే చాలు.

వాళ్లకు మొదటి పావుగంట ఒకటే నియమం: ఏం చేసినా చివర్లో నలిపేయాలి. ఒకసారి కళ్లు మూసుకుని, ఒకసారి ఎడమచేత్తో, ఒకసారి రెండు నిమిషాల్లో గిన్నె చేయిస్తాను. మొదటిది నలపమంటే మొహాలు చూడాలి. మూడోదానికి వచ్చేసరికి భుజాలు దిగుతాయి, ఎవరో నవ్వుతారు, అప్పుడు అసలు పని మొదలవుతుంది. మీరిచ్చే రెండు గంటల్లో ఈ పావుగంట "టైం వేస్ట్" అని ఒక నిర్వాహకుడు నాతోనే అన్నారు. అది లేకపోతే మిగతా గంటా ముప్పావు వాళ్లు భయంతోనే గడుపుతారని ఆయనకు సర్దిచెప్పలేకపోయాను.

తల్లిదండ్రులనూ పిల్లలనూ కలిపి కూర్చోబెట్టే వర్క్‌షాప్ కావాలంటే సంతోషంగా చేస్తాను, ఒక షరతు మీద. పెద్దవాళ్లకూ వేరే ముద్ద ఇస్తాను. ఒకే ముద్ద ఇద్దరికీ ఇస్తే పది నిమిషాల్లో "ఇలా ఇవ్వు నాన్నా, నేను సరిచేస్తా" మొదలవుతుంది. ఇరవయ్యో నిమిషానికి పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తుంటుంది, నాన్నగారు మాత్రం చెమటలు కక్కుతూ కుందేలు చెవులు దిద్దుతుంటారు.

మట్టి ముట్టుకోవడానికే ఇష్టపడని పిల్లలు కొందరుంటారు. చేతికి జిగట తగిలితే వాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. వాళ్లను బలవంతపెట్టమని ఏ టీచరూ చెప్పొద్దు. పరిచిన పలక, పుల్ల, ఆకు, అచ్చులు ఇచ్చి వదిలేస్తే చాలు.

ఇప్పుడు శుభ్రం చేయడం గురించి. ఇది మీకు చిన్న విషయంలా కనిపిస్తుంది, నాకు మాత్రం అన్నిటికంటే కోపం ఇక్కడే వస్తుంది. రెండు గంటలు ఇచ్చి, రెండో గంట ముగిసిన అయిదు నిమిషాలకే ఆ హాల్లో ఇంకో కార్యక్రమం పెడతారు. చీపురుతో ఎవరినో పంపుతారు. ఎండిన మట్టిని చీపురుతో ఊడిస్తే లేచే దుమ్ములో కంటికి కనిపించనంత సన్నని సిలికా ఉంటుంది. అది గాలిలో గంటల తరబడి తేలుతుంది, ఊపిరితిత్తుల లోలోపలికి పోతుంది. ఏళ్ల తరబడి పీల్చేవాళ్లకు సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో ఈ ధూళిని మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి గ్రూపులో చేర్చింది. ఒక్క పూట వచ్చిన పిల్లలకు ఏదో అయిపోతుందని భయపెట్టడం లేదు. కానీ ప్రతిసారీ చీపురు పట్టే మనిషి ఒకరే, ఆ మనిషి ముక్కు మీద గుడ్డ కూడా ఉండదు. మట్టి తడిగా ఉండగానే గీకి తీయాలి, తడి స్పాంజితో బల్లలు, తడి గుడ్డతో నేల తుడవాలి. చేతులు ముందు బకెట్లో కడిగి, తర్వాతే కుళాయి దగ్గరికి వెళ్లాలి. లేకపోతే మీ పైపులు మూసుకుపోతాయి, ఆ తర్వాత నన్ను మళ్లీ పిలవరు. దీనికి అరగంట పడుతుంది. ఈ అరగంట పనిలో భాగమే, పిల్లలే చేస్తారు, ఇష్టంగా చేస్తారు. స్పాంజి పిండడం అంటే వాళ్లకు ఎంత సంబరమో మీరు ఒకసారి ఉండి చూడండి.

రంగుల మాట కూడా చెప్పేస్తాను. "కాస్త రంగులు వేయించేయండి" అన్నప్పుడు మీరు అడుగుతున్నది గ్లేజ్. గ్లేజ్ అంటే కాలాక గాజులా మారే పూత. దాన్ని మొదటి కాల్పు అయ్యాకే పూయిస్తాను. సీసం లేదని డబ్బా మీద స్పష్టంగా ఉన్నవే, ముందే నీళ్లలో కలిపి ఉన్నవే పిల్లల బల్ల మీదికి వస్తాయి. పొడులు తూచి కలిపే పని పిల్లల ఎదుట జరగదు. ఇంకో చిక్కు, పచ్చిగా ఉన్నప్పటి రంగు కాలాక రాదు. డబ్బాలో లేత ఊదాగా కనిపించిన కోబాల్ట్ గ్లేజ్ కిల్న్‌లోంచి ముదురు నీలంగా వస్తుంది. అందుకే కాలిన నమూనా బిళ్లలు తెచ్చి పక్కన పెడతాను. కప్పు అడుగున పూసిన గ్లేజ్ తుడవకపోతే అది కిల్న్ అరకు అతుక్కుపోతుంది, ఉలి పెట్టి కొట్టి తీయాలి.

మీరు మరీ చేయడానికి ఒకటి, తీసుకెళ్లడానికి ఒకటి అంటూ రెండు రోజులే ఇవ్వగలిగితే ఒక మధ్యేమార్గం ఉంది. రంగు కలిపిన పల్చని మట్టిని తొలిరోజే పచ్చి గిన్నె మీద పూయించొచ్చు. మొదటి కాల్పు తర్వాత పైన పారదర్శకమైన గ్లేజ్ నేను పూసి రెండోసారి కాల్చుకొస్తాను. నిజంగానే రెండు గంటలకు మించి కుదరకపోతే, దాన్ని నిజాయితీగా ఆటగా పెట్టండి. అందరూ కలిసి ఒక పెద్ద ఊరు కడతారు, ఫోటోలు తీసుకుంటారు, చివర్లో నలిపి బకెట్లో వేస్తారు. ఇంటికి ఏమీ రాదని పోస్టర్ మీదే రాయండి. పిల్లలు ఏమీ అనరు, మీరు మాత్రం ఒప్పుకోరని నా అనుభవం.

నేను అడిగేది మూడు తేదీలు. మొదటి రోజు చేయడం. ఆరడానికి వారం పది రోజులు, ఆపై కాల్పు. రెండో రోజు గ్లేజ్. ఇంకో వారానికి మూడో రోజు, అందరి ముందూ పెట్టెలు విప్పడం. ఈ మూడో రోజును ఎగ్గొట్టి, కప్పులు సంచుల్లో పెట్టి పంపేయమని అడుగుతుంటారు. వద్దు. ఆ రోజే పిల్లలు "ఇది నాది కాదు, నాది పెద్దది" అని గొడవపడతారు. మట్టి తడి నుంచి కాలేసరికి నూటికి పది పన్నెండు వంతులు కుంచించుకుపోతుంది. అందుకని తొలిరోజే ఒక మట్టి పట్టీ మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీయిస్తాను. మూడో రోజు స్కేలు పెట్టి కొలిస్తే దాదాపు 9 వస్తుంది. లెక్కల టీచర్లు ఈ పట్టీ అడిగి తీసుకెళ్లారు.

ఒక టీచర్‌కు పన్నెండు మంది పిల్లలు, సాయానికి ఇంకో మనిషి. పెద్దలైతే పది మంది. నలభై మంది ఉంటే నాలుగు పూటలు పెట్టండి, లేదా నాతోపాటు ఇంకో ముగ్గురు టీచర్లను పిలవండి, నాకు తెలిసినవాళ్లున్నారు. దుమ్ము పడని, ఎవరూ కదపని ఒక అర ఇవ్వండి. దాని మీద "ముట్టుకోవద్దు" అని రాసిన కాగితం అంటించే బాధ్యత పిల్లలకే ఇవ్వండి.

ఏనుగు పేలిన బడివాళ్లు మరుసటి ఏడాది మళ్లీ పిలిచారు. భయపడుతూనే మూడు తేదీలు అడిగాను, ఇచ్చారు. ఏనుగు అబ్బాయి ఈసారి కూడా ఏనుగే చేశాడు. రెండు బొటనవేలి గిన్నెలు బోర్లించి అతికించి, పొట్ట గుల్లగా ఉంచి, కింద పుల్లతో ఒక రంధ్రం పొడిచాడు. అదెందుకని పక్కవాడు అడిగితే, "నీళ్లు బయటికి పోవద్దా?" అన్నాడు. వారం తర్వాత బొమ్మలు కిల్న్‌కు తీసుకెళ్దామని వెళ్లాను. నేను పెట్టెలో సర్దుతుంటే వాడు అర దగ్గరికి వచ్చి, తన ఏనుగును రెండు చేతులతో తీసి చెంపకు ఆనించుకుని, కళ్లు మూసుకుని కాసేపు నిలబడ్డాడు.

"ఇంకా చల్లగానే ఉంది టీచర్. ఇవాళ తీసుకెళ్లకండి" అన్నాడు.

మళ్లీ వచ్చే వారం వెళ్లాను.

ఇట్లు,
మట్టిపని నేర్పే ఒక టీచర్